దారిద్ర్యము - ధమనుల ఆరోగ్యము

సంక్రాంతి రోజులలో శారదా నది ప్రాంతపు పల్లెలలో చెరకు నరకుట ముమ్మరముగా సాగును. నరికిన చెరకును గానుగలో ఆడి, వచ్చిన రసమును వెడల్పైన పెనములలో పోసి, ఎండిన చెరకు పిప్పినే పొయ్యిలోనికి తోయుచు గంటల తరబడి కాచుదురు. పాకము ముదిరిన పిమ్మట దిమ్మలుగా పోసి అనకాపల్లి మార్కెట్టుకు తోలుదురు. దేశములో పేరు పొందిన బెల్లపు మార్కెట్లలో ఇది యొకటి. 1913లో స్థాపింపబడిన ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రము చెరకు పరిశోధనకు ప్రసిద్ధి కెక్కినది. తియ్యని దిమ్మ వెనుక తెల్లవారుజాము నుండి పొగలో నిలుచుండి పిప్పి తోయువాడు, మార్కెట్టులో దిమ్మలు మోయు హమాలీ, ఎండలో చెరకు నరకు కూలీ కలరు.

పొయ్యి దగ్గర పనిచేయు యాబది యేండ్ల కూలీ నొకనిని, అదే పట్టణములో కుర్చీలో కూర్చుండి పనిచేయు అదే వయస్సు ఉద్యోగి నొకనిని ఊహించుకొందము. కూలీకి పొట్ట లేదు. నేతితో వండిన పిండివంటలు పండుగకు తప్ప ఎరుగడు. దినమంతయు ఒళ్ళు వంచి పనిచేయును. ఉద్యోగికి పొట్ట ఉన్నది, నడక లేదు. ఈ ఇద్దరిలో ఎవరి గుండెకు ముప్పు ఎక్కువ అని తరగతిలో అడిగినచో, చాలమంది విద్యార్థులు ఉద్యోగినే చూపుదురు. గుండెజబ్బు కలవారి జబ్బు అను మాట మన సమాజములో బాగుగా పాతుకొని ఉన్నది. అది కేవలము అబద్ధము కూడ కాదు. మధుమేహము, స్థూలకాయము మన దేశమున మొదట కలిగిన కుటుంబములలోనే ఎక్కువగా కనిపించినవి. కాని ఆ మాటను పట్టుకొని పేదవాని గుండె గట్టిదని తీర్మానించుట పెద్ద పొరపాటు.

ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04 సంవత్సరములలో ఒక పరిశీలన జరిగినది. ఆ గ్రామముల జనాభా సుమారు 1,80,000. అక్కడ సంభవించిన 1,354 మరణములకు కారణములను, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి కుటుంబములోని వారిని ప్రశ్నించి నిర్ణయించిరి. 2006లో ఫలితములు ప్రకటించినపుడు తేలినదేమనగా, వంద మరణములలో 32 గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధుల వలన కలిగినవి. అంటువ్యాధుల వలన కలిగినవి 12 మాత్రమే. ఇవి పట్టణములు కావు, పల్లెలు. పల్లెవాసికి చావు కలరా రూపమునను, మలేరియా రూపమునను వచ్చుననుకొను కాలము గడచిపోయినదని ఈ లెక్కలు చాటినవి.

పేదరికమునకును ధమనికిని సంబంధ మెక్కడిది? ధనము లేకపోవుట అనునది రక్తనాళపు గోడలోనికి ఏ దారిన ప్రవేశించును? దీనికి సమాధానము తెలియవలెనన్న ముందుగా ధమని ఎటువంటి వస్తువో తెలియవలెను.

హార్మోనియములోని తిత్తి

ధమని యనగా రక్తము పారు గొట్టమని పాఠ్యపుస్తకములలో చదువుదుము. ఆ మాట సగమే నిజము. గుండె రక్తమును నిరంతరముగా పంపదు. నిమిషమునకు సుమారు 70 సార్లు ముడుచుకొని, ముడుచుకొనిన ప్రతిసారి సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును బృహద్ధమనిలోనికి నెట్టును. రెండు నెట్టుడుల నడుమ ఏమియు పంపదు. అయినను మెదడునకు, మూత్రపిండములకు రక్తము తెగిపోక ప్రవహించుచునే యుండును. ఇది ఎట్లు సాధ్యము?

హార్మోనియము వాయించువారు ఒకచేత వెనుకనున్న తిత్తిని ఆగి ఆగి నొక్కుచుందురు. గాలి లోనికి పోవునది విడతలు విడతలుగానే. స్వరము మాత్రము తెగక వినిపించును. కారణమేమనగా, పెట్టెలోపల స్ప్రింగులతో బిగించిన మరియొక తిత్తి కలదు. నెట్టిన గాలి అందులో చేరి దానిని ఉబ్బించును. చేయి వెనుకకు తీసిన క్షణమున ఆ తిత్తి అణగి, దాచిన గాలిని రీడులవైపు పంపును. బృహద్ధమని చేయు పని ఇదియే. గుండె ముడుచుకొనినపుడు ఉబ్బి కొంత రక్తమును తనలో దాచుకొనును. గుండె విశ్రమించినపుడు సంకోచించి, ఆ రక్తమును ముందుకు పంపును. ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హేల్స్ 1733లో ప్రకటించిన గ్రంథములో ధమనులను ఆనాటి అగ్నిమాపక యంత్రములోని గాలిగదితో పోల్చెను. ఆయన గుర్రపు ధమనిలో గాజుగొట్టము నమర్చి, రక్తము ఎంత ఎత్తునకు లేచునో కొలిచిన మహానుభావుడు. తరువాత 1899లో జర్మనీ దేశస్థుడు ఆటో ఫ్రాంక్ ఈ భావమునకు గణితరూపము కల్పించెను.

ఉపాధ్యాయులు దీనిని పాఠశాలలోనే చూపవచ్చును. పందొమ్మిదవ శతాబ్దములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే చేసిన ప్రయోగమే ఇది. ఒక నీటితొట్టి నుండి వచ్చు గొట్టమును రెండు పాయలుగా చీల్చవలెను. ఒక పాయకు గాజుగొట్టమును, రెండవదానికి అంతే పొడవుగల పలుచని రబ్బరు గొట్టమును తగిలించి, రెండింటి కొసలను సన్నగా ఉంచవలెను. చీలికకు ముందున్న భాగమును వ్రేళ్ళతో నొక్కుచు వదలుచుండినచో, గాజుగొట్టము నుండి నీరు ఆగి ఆగి చిమ్మును. రబ్బరు గొట్టము నుండి దాదాపు ఎడతెగక కారును. గాజుగొట్టము వంటి ధమని కలవాని గుండె, ప్రతి దెబ్బకును ఎంత అధికముగా శ్రమపడవలెనో విద్యార్థులు తమంతట తామే గ్రహింతురు.

ధమని సాగునా, బిగిసిపోయినదా అనుటను కొలుచుటకు ఒక చక్కని ఉపాయము కలదు. మణికట్టుపై వ్రేలు పెట్టినపుడు తగులు నాడి రక్తపు పరుగు కాదు, ధమని గోడ వెంట పోవు అల. రక్తము నెమ్మదిగా పోవును, అల త్వరగా పోవును. గోడ మెత్తగా ఉన్న యువకునిలో ఈ అల బృహద్ధమని వెంట సెకనుకు 5, 6 మీటర్ల వేగముతో పోవును. గోడ బిగిసిన ముసలివానిలో సెకనుకు 10 మీటర్లు దాటును. అరమీటరు దూరమునకు ఒకనిలో సెకనులో పదియవ వంతు పట్టగా, మరియొకనిలో ఇరువదియవ వంతే పట్టును. వేగము ఇక్కడ గొప్పతనము కాదు. అల ధమనులు చీలుచోట్ల తగిలి వెనుకకు మరలును. మెత్తని ధమనులలో ఈ ప్రత్యావర్తనము తీరికగా వచ్చి, గుండె విశ్రమించు వేళకు చేరి, గుండెకు రక్తమందించు కరోనరీ ధమనులకు సాయపడును. బిగిసిన ధమనులలో గుండె ఇంకను రక్తమును నెట్టుచుండగనే ఎదురువచ్చి తగులును. అందుచేత పై రక్తపోటు పెరుగును, క్రింది రక్తపోటు తగ్గును, గుండె కండరము మందమగును. సున్నితములైన మెదడు, మూత్రపిండముల నాళములపై సుత్తిదెబ్బల వలె నాడి తగులుచుండును.

ఈ సందర్భముననే ఒక చిన్న సంగతి. పొట్టివారిలో అల పోయి రావలసిన దూరము తక్కువ గనుక ప్రత్యావర్తనము సహజముగనే త్వరగా వచ్చును. మనిషి ఎత్తు వంశమును బట్టి మాత్రమే కాక, బాల్యమున తిన్న తిండిని బట్టియు, పడిన రోగములను బట్టియు ఏర్పడును. కొలబద్ద ఒక్కటి చాలు, బాల్యపు లేమి కొంతవరకు బయటపడును.

గర్భములో అల్లిన దారము

ధమని గోడకు సాగుడు గుణము నిచ్చునది ఎలాస్టిన్ అను మాంసకృత్తు. దృఢత్వము నిచ్చునది కొల్లాజెన్. ఎలాస్టిన్ రబ్బరు దారము వంటిది, కొల్లాజెన్ నార త్రాడు వంటిది. ఇందులో గమనింపదగిన విశేష మేమనగా, ఎలాస్టిన్ అధికభాగము శిశువు తల్లి గర్భములో ఉన్న చివరి నెలలలోను, పుట్టిన తరువాత కొలది సంవత్సరములలోను తయారగును. ఆపైన శరీరము దానిని దాదాపు తయారు చేయదు. ఉన్నదానిలో సగము నశించుటకు 40 యేండ్లు, అంతకు మించియు పట్టును. అనగా యాబది యేండ్ల కూలీ నాడిలో సాగుచున్నది, ఆయన తల్లి గర్భములో ఉన్ననాడు అల్లిన దారమే. గుండె దినమునకు సుమారు లక్ష సార్లు కొట్టుకొనును. యాబది యేండ్లకు 182 కోట్ల సార్లు సాగి ముడుచుకొనిన దారము అది. మొదట అల్లినదే పలుచనైనచో, తరువాత అతికింపు లేదు. అరిగిన కొలది బరువు కొల్లాజెన్ మీద పడును, గోడ బిగియును.

గర్భములో ఉన్న శిశువునకు ఆహారము చాలనపుడు, శరీరము మెదడును కాపాడుకొనుటకై ఇతర అవయవముల పాలు తగ్గించును. మూత్రపిండములలోని వడపోత గొట్టముల సంఖ్య కూడ జననమునకు ముందే నిర్ణయమై పోవును. బరువు తక్కువగా పుట్టిన శిశువులో అవి తక్కువగా ఉండును. కనుక ఆ శిశువు పెద్దయిన తరువాత ఉప్పును బయటికి పంపుటలో ఇబ్బందిపడి, రక్తపోటు పెరుగుటకు అవకాశ మేర్పడునని 1988లో బ్రెన్నర్ అను వైద్యశాస్త్రజ్ఞుడు సూచించెను.

ఇంగ్లండులోని హార్ట్‌ఫర్డ్‌షైరులో 1911 నుండి శిశువుల బరువులను దాదులు పుస్తకములలో వ్రాసి యుంచిరి. ఆ పుస్తకములు పారవేయక దాచిన వారికి శాస్త్రలోకము ఋణపడి యున్నది. డేవిడ్ బార్కర్ అను వైద్యుడు, ఆయన సహచరులును ఆ శిశువులు పెద్దవారై ఎట్లు మరణించిరో వెదకి, పుట్టినపుడును ఏడాది నిండినపుడును బరువు తక్కువగా ఉన్న మగవారిలో గుండెజబ్బు మరణములు ఎక్కువని 1989లో ప్రకటించిరి. మన పొరుగున మైసూరులో, హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆస్పత్రి పాత రికార్డులతో ఇటువంటి పరిశీలనయే జరిగినది. 1934-54 నడుమ అక్కడ పుట్టినవారిలో 517 మందిని వెదకి పరీక్షింపగా, పుట్టినపుడు అయిదున్నర పౌనులకు మించని వారిలో నూటికి 11 మందికి గుండెజబ్బు కనిపించెను. ఏడు పౌనులకు పైబడిన వారిలో నూటికి ముగ్గురికే. ఈ ఫలితము 1996లో వెలువడినది.

ఇంతవరకు చెప్పినవి జరిగిపోయిన దానిని తిరిగి చూచిన పరిశీలనలు. పుట్టినపుడు బరువు తక్కువగా ఉండినవాడు తరువాత కూడ పేదవాడుగనే పెరిగి యుండవచ్చును. ఏ కష్టము ఏ ఫలితమును కలిగించెనో విడదీయుట కష్టము. తల్లికి, బిడ్డకు నిజముగా తిండి పెట్టి చూచినచో ధమని బాగుపడునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన చోటు తెలుగుదేశమే.

ఇరువది తొమ్మిది గ్రామముల కథ

హైదరాబాదునకు సమీపమున 29 గ్రామములలో 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశోధన నడిపినది. అపుడు సమగ్ర శిశు అభివృద్ధి పథకము మెల్లమెల్లగా తాలూకాలకు వ్యాపించుచుండెను. 15 గ్రామములలో పథకము ప్రారంభమైనది. 14 గ్రామములకు ఇంకను రాలేదు. వచ్చిన గ్రామములలో గర్భిణులకు, ఆరేండ్లలోపు పిల్లలకు ప్రతిదినము మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా పెట్టిరి. టీకాలు, ఆరోగ్య పరీక్షలు దానికి తోడు. నాటి ఉద్దేశము పుట్టు శిశువు బరువు పెరుగునా అని తెలిసికొనుట మాత్రమే. ధమనుల మాట ఎవరికిని తట్టలేదు.

పదునైదేండ్ల తరువాత, 2003-05 నడుమ, సంజయ్ కిన్రా అను పరిశోధకుడును ఆయన బృందమును ఆ పల్లెలకు మరల పోయిరి. నాడు పుట్టిన పిల్లలు ఇపుడు 13 నుండి 18 ఏండ్ల వారు. 1,165 మంది పరీక్షలకు వచ్చిరి. ఉప్మా తిన్న గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుండిరి. ఇన్సులిన్‌కు శరీరము ఎదురుతిరుగు గుణమును తెలుపు సంఖ్య వారిలో నూటికి 20 వంతులు తక్కువ. ధమని బిగువును తెలుపు సంఖ్య, అనగా పైన చెప్పిన ఎదురు అల వలన పోటు ఎంత పెరిగినదో తెలుపునది, 3.3 శాతము తక్కువ. రక్తపోటులోను, కొవ్వులలోను చెప్పదగిన భేదము కనిపించలేదు. 2008లో ప్రకటింపబడిన ఈ ఫలితము పోషకాహార శాస్త్రజ్ఞులలో గొప్ప ఉత్సాహమును కలిగించినది. దినమునకు ఒక గిన్నెడు ఉప్మా పదునైదేండ్ల తరువాత ధమనిలో కనిపించుట చిన్న విషయము కాదు.

కాని కథ అక్కడ ఆగలేదు. అదే బిడ్డలు 18 నుండి 23 ఏండ్ల వారైన పిమ్మట మరల పరీక్షించిరి. ఈసారి 1,800 మందికి పైగా వచ్చిరి. మెడలోని ధమని గోడ మందమును శబ్దతరంగములతో కొలిచిరి. ధమని బిగువును కొలిచిరి. 2020లో ప్రకటించిన ఫలితములో రెండు వర్గముల గ్రామములకును భేదము లేదు.

ఏమైనట్లు? మొదటి ఫలితము యాదృచ్ఛికమా? గ్రామములను లాటరీ వేసి ఎన్నుకొనలేదు గనుక మొదటినుండి ఆ గ్రామములలో వేరే తేడాలుండి యుండవచ్చును. లేక మిగిలిన 14 గ్రామములకును తరువాత పథకము వచ్చి, భేదము చెరిగిపోయినదా? ఇరువది యేండ్ల ధమనులు అందరివియు బాగుగనే ఉండును గనుక తేడా కనిపించుటకు ఇంకను వయస్సు రావలెనా? ఈ ప్రశ్నలలో దేనికిని తుది సమాధానము లేదు. అనుకూలమైన మొదటి ఫలితమును మాత్రమే చెప్పి, ప్రతికూలమైన రెండవదానిని మరుగుపరచు వ్యాసములు లేకపోలేదు. విద్యార్థికి రెండును చెప్పుటయే న్యాయము. కొద్దికాలము పెట్టిన ఒక్క పూట తిండి, తరువాతి ఇరువది యేండ్ల జీవితముతో పోటీపడి గెలుచుట అంత సులభము కాదని మాత్రము దీనివలన ఊహింపవచ్చును. ఆ తరువాతి జీవితమే ఇపుడు చూడవలసినది.

పొగ, ఉప్పు, చుట్ట

ధమని లోపలి గోడకు ఒకే కణము మందము గల పలుచని పొర కలదు. ఈ పొర నైట్రిక్ ఆక్సైడు అను వాయువును తయారుచేసి, గోడలోని కండరమును సడలించుచుండును. ఈ సంగతిని కనిపెట్టిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యూరాడ్ అను వారికి 1998లో నోబెల్ బహుమాన మొసగబడినది. పొర చెడినచో ధమని బిగియును, కొవ్వు పేరుకొనును. దానిని చెడగొట్టు వస్తువులు పేదవాని చుట్టును ఎక్కువగా ఉండుటయే విషాదము.

మొదటిది పొగ. పైన చెప్పిన గ్రామములలోనే మూడు వేలకు పైగా స్త్రీపురుషుల మెడ ధమనులను, వారు పీల్చు గాలిని కొలిచిన మరియొక పరిశీలన 2020లో వెలువడినది. అక్కడి గాలిలో సన్నని ధూళి ఘనమీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మైక్రోగ్రాములు. ధూళి ఎక్కువగా ఉన్నచోట ధమని గోడ మందముగా ఉండెను. గాలి ఆడని వంటయింట కట్టెలతో వండు స్త్రీలలో ఈ సంబంధము మరింత స్పష్టముగా కనిపించినది. పల్లెలోని పేద స్త్రీ, పగలు పొలములో కష్టపడి, సాయంకాలము పొయ్యి ముందు కూర్చుండును. బెల్లపు పొయ్యి దగ్గరి కూలీకి పనియే పొగ.

రెండవది ఉప్పు. కూర ఖరీదైననాడు అన్నమునకు తోడు పచ్చడి, ఊరగాయ, ఎండు చేప. గంజిలో రెండు కళ్ళుప్పు. ఇవి రుచికొరకు మాత్రమే కాక, చప్పని మెతుకును గొంతు దింపుటకు ఉపయోగించు ఉపాయములు. దినమునకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పగా, మన దేశములో సగటు వాడుక దానికి దాదాపు రెట్టింపు. కలవారును ఉప్పు తిందురు. కాని వారి విస్తరిలో పండ్లు, కూరలు, పెరుగు ఉండి, వానిలోని పొటాసియము ఉప్పు చేయు కీడును కొంత తగ్గించును. అరటిపండు, కొబ్బరినీరు ఎక్కడ పండునో అక్కడి కూలీకే అవి అందకపోవుట చిత్రము.

మూడవది పొగాకు. విశాఖపట్టణము, శ్రీకాకుళము తీర ప్రాంతములలో నిప్పుగల కొసను నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చు అలవాటు, ముఖ్యముగా వయస్సు మళ్ళిన స్త్రీలలో కలదు. అడ్డపొగ అని దీనికి పేరు. అంగిలి క్యాన్సరు విషయమున దీనిని గూర్చి చాల పరిశోధన జరిగినది. చుట్టలోని నికోటిను, బొగ్గుపులుసు వాయువుకంటె ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడు ధమనులకును విషములే. ఆకలిని, అలసటను చంపుకొనుటకు చుట్ట చౌకైన సాధనమని దాని వాడుకరులే చెప్పుదురు. మానుమని ఉపదేశించుటకు ముందు ఆ మాట వినదగినది.

కూలీ దినమంతయు ఒళ్ళు వంచునుగదా, అది వ్యాయామము కాదా అని విద్యార్థులు తప్పక అడుగుదురు. మంచి ప్రశ్న. ఉదయము అరగంట వేగముగా నడచి, పిమ్మట విశ్రమించువానికి కలుగు మేలు, ఎనిమిది, పది గంటలు బరువు మోయువానికి కలుగుట లేదని డెన్మార్కు మొదలగు దేశములలో జరిగిన పరిశీలనలు సూచించుచున్నవి. బరువెత్తునపుడు రక్తపోటు లేచును. అది గంటల తరబడి అట్లే నిలిచి, కోలుకొను వ్యవధి లేకున్నచో ధమనికి శిక్షయే. ఈ విషయమున వాదము ఇంకను ముగియలేదు. బరువు పని చేయువారిలో పొగత్రాగుట, నిద్రలేమి కూడ ఎక్కువ గనుక కారణములను వేరుపరచుట కష్టము.

హోదా మెట్లు

తిండి, పొగ, ఉప్పు చెప్పినంతలో లెక్క తీరునా? తీరదు. 1967లో లండనులోని ప్రభుత్వ కార్యాలయముల ఉద్యోగులపై వైట్‌హాల్ అను పరిశీలన ప్రారంభమైనది. వీరిలో ఎవరును ఆకలితో ఉన్నవారు కారు. అందరికిని జీతము, ఉచిత వైద్యము కలవు. అయినను అన్నింటికంటె క్రింది మెట్టున ఉన్న బంట్రోతులలో గుండెజబ్బు మరణములు, పై మెట్టు అధికారులలో కంటె సుమారు మూడు రెట్లు ఎక్కువ. మధ్య మెట్లవారు మధ్యలో ఉండిరి. పొగత్రాగుట, రక్తపోటు, కొలెస్టరాలు అన్నియు లెక్కలోనికి తీసికొన్నను భేదములో సగము కూడ తీరలేదు. మైకేల్ మార్మట్ అను శాస్త్రజ్ఞుడు దీనిని విశ్లేషించి, 1985లో ప్రారంభమైన రెండవ వైట్‌హాల్ పరిశీలనలో, తన పనిపై తనకు పెత్తనము లేనివానికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని చూపెను.

దీని వెనుకనున్న శరీరధర్మము అర్థము చేసికొనుట కష్టము కాదు. ఎదుట పామును చూచినపుడు అడ్రినలిన్, కార్టిసాల్ అను స్రావములు రక్తములో చేరి, గుండె వేగమును, రక్తపోటును, రక్తములోని చక్కెరను పెంచును. పాము పోయిన పిమ్మట అన్నియు సర్దుకొనును. ఈ ఏర్పాటు పాముకు తగినది, అప్పుకు తగినది కాదు. రేపు పని దొరకునో లేదో, వడ్డీవాడు ఏమనునో, బిడ్డ జ్వరమునకు మందు ఎట్లు తెచ్చుటో అను చింత రాత్రి కూడ పోదు. రాత్రి నిద్రలో రక్తపోటు సహజముగా పది, ఇరువది శాతము దిగవలెను. చింతతో నిద్రపట్టనివానిలో అది సరిగా దిగదు. ఇట్లు కొద్దికొద్దిగా పేరుకొను అరుగుదలకు అమెరికా శాస్త్రజ్ఞుడు బ్రూస్ మెకీవన్ 1990 దశాబ్దములో ఒక పేరు పెట్టెను. తెలుగులో దానిని సర్దుబాటు భారము అనవచ్చును. లండను బంట్రోతుకు హోదా మెట్టు ఆఫీసులోనే. మన పల్లెవానికి ఆ మెట్టు కులముతో, భూమితో కలసి పుట్టుకతోనే వచ్చి, బడిలోను, బావి దగ్గరను, ఆస్పత్రి వరుసలోను వెంటనంటి యుండును. ఆ భారమును కొలుచు యంత్రము లేదు, కాని దానిని లెక్కలోనికి తీసికొనకుండ మన దేశపు ధమనులను గూర్చి మాట్లాడుట అసంపూర్ణము.

చిట్టచివరి మెట్టు చికిత్స. రక్తపోటు నొప్పి పెట్టదు. నొప్పి లేనిదానికి ఒకదినపు కూలి పోగొట్టుకొని ఆస్పత్రికి పోవువాడెవడు? పోయి మాత్రలు తెచ్చుకొన్నను, తలనొప్పి తగ్గగనే మానివేయువారు చాలమంది. దేశములోని 89 ఆస్పత్రులలో గుండెపోటుతోను, ఆ జాతి నొప్పితోను చేరిన 20,468 మందిని పరిశీలించి 2008లో ప్రకటించిన నివేదికలో, నెలలోపల మరణించిన వారు పేదలలో నూటికి 8.2, కలవారిలో 5.5. అందరికిని ఒకే చికిత్స జరిగినట్లు లెక్క కట్టి చూడగా ఈ భేదము మాయమైనది. అనేక దేశములలో జరిగిన మరియొక పరిశీలనయు ఇట్టిదే చెప్పినది. బీద దేశములలో రక్తపోటు, కొవ్వు మున్నగు ముప్పులు మొత్తము మీద తక్కువగా ఉన్నను, గుండెజబ్బు మరణములు ఎక్కువ. అనకాపల్లి నుండి విశాఖపట్టణము సుమారు 35 కిలోమీటర్లు. మాడుగుల కొండల దాపునున్న పల్లెనుండి ఆ దూరము ఇంకను పెరుగును. గుండెపోటులో ప్రతి అరగంటయు కొంత కండరమును హరించును.

తిరిగి మెత్తబడునా?

పోయిన ఎలాస్టిన్ తిరిగి రాదు. కాని ధమని బిగువు అంతయు ఎలాస్టిన్ వలననే కాదు. లోపలి పొర చెడుట వలన కలిగిన బిగువు, కండరము ముడుచుకొనుట వలన కలిగిన బిగువు కొంతవరకు తిరిగి సడలును. చుట్ట మానిన ఏడాదిలోనే గుండెజబ్బు ముప్పు చెప్పదగినంతగా తగ్గును. ఉప్పు తగ్గించిన కొలది వారములలో రక్తపోటు దిగును. చవకగా దొరకు రక్తపోటు మాత్రలు క్రమముగా వాడినవారిలో అల వేగము కూడ తగ్గుట కనిపించినది. ఈ మేలు యాబది యేండ్ల వయస్సున ప్రారంభించినను కలుగును.

గర్భిణి తిండి విషయము వేరు. అక్కడ గడువు నెలలలో ఉన్నది. పుట్టబోవు ఆడశిశువు చిన్నగా పుట్టి, పొట్టిగా పెరిగి, చిన్నవయస్సున తల్లియైనచో, ఆమె బిడ్డయు చిన్నగనే పుట్టుటకు అవకాశము ఎక్కువ. ఒక తరపు లేమి మరియొక తరపు ధమనిలోనికి చేరుట ఈ దారిననే. ఉన్నత పాఠశాలలో చదువు పదునైదేండ్ల బాలిక రక్తహీనతను, ఆమె పెండ్లి వయస్సును ఇందువలననే వైద్యులు ధమనుల శాస్త్రములోనికి తెచ్చుచున్నారు.

ఆ 29 గ్రామములలో ఉప్మా తిన్న శిశువులు, తినని శిశువులు ఇపుడు ముప్పది అయిదు దాటినవారు. హైదరాబాదు పెరిగి వారి పల్లెల వరకు వచ్చినది. పొలములు కొన్ని ఇండ్ల స్థలములైనవి. కొందరు కర్మాగారములలో చేరిరి, కొందరు ఆటోలు నడుపుచున్నారు. వారి తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడ చేర్చుకొని ఆ పరిశీలన విస్తరించినది. వారి గుండెలు ఇప్పటికి సుమారు 130 కోట్ల సార్లు కొట్టుకొని యుండును. తొలినాటి తిండి వలన వారి ధమనులలో ఏదైన భేదము దాగియున్నచో, అది బయటపడవలసిన వయస్సు ఇకముందు రానున్నది.